బాధ్యత ముందు, హక్కు తర్వాత: మధిర ప్రాంత కౌమారుల జీవితం – చట్టపు వయోరేఖలు

వ్యాససంగ్రహం

ఖమ్మం జిల్లా మధిర ప్రాంతంలో కౌమార వయస్కుల జీవితం రెండు కాలక్రమాల మధ్య సాగుతుంది. ఒకటి చట్టం నిర్ణయించిన వయోక్రమం. రెండవది పంట నిర్ణయించే పనుల క్రమం. చట్టం 14 ఏళ్ళ దగ్గర ఒక గీత, 18 ఏళ్ళ దగ్గర మరొక గీత గీసింది. మిరప కోతలకు ఈ గీతలతో పనిలేదు. అందువల్ల ఇక్కడి పిల్లలకు బాధ్యత ముందుగానూ, హక్కు ఆలస్యంగానూ అందుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భాషలోని వ్యవహారం, వెట్టి–పాలేరు వ్యవస్థల చరిత్ర, రాజ్యాంగ నిబంధనలు, వలస కూలీల పిల్లల స్థితి అనే నాలుగు ఆధారాలతో ఈ ప్రతిపాదనను వివరిస్తుంది.

కీలకపదాలు: మధిర, కౌమారం, విద్యాహక్కు, బాలకార్మిక చట్టం, మిరప కోతలు, వలస, పాలేరు, గ్రామసభ.

1. ఉపోద్ఘాతం

మధిర ఖమ్మం జిల్లాకు దక్షిణాన, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణం. కాజీపేట–విజయవాడ రైలుమార్గం దాని మీదుగా వెళ్తుంది. 1953 అక్టోబరు 1న వరంగల్లు జిల్లా నుంచి విడదీసి ఖమ్మం జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు మధిర అందులో ఒక తాలూకా. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పుగోదావరి జిల్లా నుంచి వచ్చి ఈ జిల్లాలో కలిశాయి. అలా దక్షిణాన నల్లరేగడి మైదానం, ఉత్తరాన గోదావరి అడవి ఒకే జిల్లా పాలనలోకి వచ్చాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడటంతో పాలనాపరమైన ఆ ముడి వీడింది. పనితో ఏర్పడిన సంబంధం మాత్రం వీడలేదు.

ఆ సంబంధానికి ఆధారం మిరప. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు, నల్లరేగడి నేల కలిసి ఈ ప్రాంతంలో వరితోపాటు పత్తిని, మిరపను ప్రధాన పంటలుగా నిలిపాయి. మిరప కోత యంత్రంతో తేలికగా అయ్యే పని కాదు. పండిన కాయను మనిషి చేత్తోనే తెంపాలి. ఒకే చేనిలో కోత విడతలు విడతలుగా నెలల తరబడి సాగుతుంది. స్థానికంగా దొరికే కూలీలు చాలనందున, ఏటా ఆ కాలంలో భద్రాచలం అటవీ ప్రాంతం నుంచి, దానికి ఆవల ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలు ఖమ్మం జిల్లా మైదాన గ్రామాలకు వస్తాయి. వారితోపాటు పిల్లలూ వస్తారు. యువత హక్కులు, బాధ్యతలు అనే అంశాన్ని పరిశీలించడానికి ఈ ప్రాంతం తగిన క్షేత్రం కావడానికి కారణం ఇదే. సొంత ఊళ్ళో చదువుకునే పిల్లలు, ఊరు విడిచి పనికి వచ్చిన పిల్లలు ఇక్కడ ఒకే చేని గట్టున కనిపిస్తారు.

2. వయసును కొలిచే మాటలు

తెలుగు వ్యవహారంలో ఎదుగుదలను సూచించే మాటలు ఏళ్ళ లెక్కతో పుట్టినవి కావు. కొడుకు పనికి అక్కరకు వచ్చినప్పుడు ‘చేతికి అందివచ్చాడు’ అంటారు. కూతురు రజస్వల అయినప్పుడు ‘ఈడేరింది’ అనీ, పెళ్ళి చేయవలసిన వయసుకు వచ్చినప్పుడు ‘ఈడొచ్చింది’ అనీ అంటారు. మొదటి మాటకు కొలమానం శ్రమ. తక్కిన రెండింటికీ కొలమానం శరీరం, వివాహం. చదువు ఈ మూడింటిలో దేనికీ కొలమానం కాదు. కుటుంబం పిల్లలను ఏ దృష్టితో చూసిందో ఈ పలుకుబడులే చెబుతాయి.

చట్టం ఇందుకు భిన్నంగా ఏళ్ళతో కొలుస్తుంది. అయితే దాని కొలతలు కూడా ఒక్కటిగా లేవు. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించి, 1992 డిసెంబరులో భారతదేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 18 ఏళ్ళ లోపు వారందరినీ బాలలుగా పరిగణించింది. 2003 నాటి జాతీయ యువజన విధానం 13 నుంచి 35 ఏళ్ళ వారిని, 2014 నాటి విధానం 15 నుంచి 29 ఏళ్ళ వారిని యువతగా పేర్కొన్నాయి. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 నిండి 18 నిండని వారిని కౌమారులు అన్నది. అసంఘటిత కార్మికుల నమోదు కోసం 2021లో ప్రారంభమైన ఈ–శ్రమ్ వ్యవస్థ 16 ఏళ్ళ నుంచే కార్మికులుగా నమోదుకు అవకాశం ఇచ్చింది.

అంటే 16 ఏళ్ళ వ్యక్తి ఏకకాలంలో అంతర్జాతీయ ఒడంబడిక దృష్టిలో బాలుడు, యువజన విధానం దృష్టిలో యువకుడు, కార్మిక చట్టం దృష్టిలో కౌమారుడు, నమోదు పత్రంలో కార్మికుడు. ఇది కేవలం పరిభాషకు సంబంధించిన చిక్కు కాదు. ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుకు తగిన రక్షణే అందుతుంది కనుక, ఈ పేర్ల మధ్య ఖాళీలోనే హక్కులు జారిపోతాయి.

3. వారసత్వంగా వచ్చిన బాధ్యత: వెట్టి, జీతం, పాలేరుతనం

ఈ ప్రాంతపు పిల్లలపై పనిభారం కొత్తగా వచ్చినది కాదు. నిజాం పాలన నాటి తెలంగాణ గ్రామంలో వెట్టి, భగేలా వ్యవస్థలు కుటుంబం మొత్తాన్ని భూస్వామి పనికి కట్టివేశాయి. దొరల ఇళ్ళలో పెళ్ళికూతురి వెంట ఆడపిల్లలను ఆడబాపలుగా పంపే ఆచారం ఉండేది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల ఆ దొరతనాన్ని, ఆడబాప బతుకును కథావస్తువులో భాగం చేసింది. ఆ వ్యవస్థలో బాల్యానికి ప్రత్యేకమైన స్థానం లేదు. పశువులను తోలగలిగిన వయసు వస్తే పిల్లవాడు జీతానికి కుదిరినట్టే.

తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతం ఉండటం ఈ వ్యవస్థకు మూలసూత్రం. 1933 నాటి బాలల శ్రమ తాకట్టు చట్టం, 15 ఏళ్ళ లోపు బిడ్డ శ్రమను తాకట్టు పెడుతూ తల్లిదండ్రులు చేసుకునే ఒప్పందాలు చెల్లవని బ్రిటిష్ ఇండియాలో ప్రకటించింది. నిజాం రాజ్యం దాని పరిధిలో లేదు. దేశమంతటికీ వర్తించిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. బలవంతపు శ్రమ ఏ పేరుతో సాగినా నిషిద్ధమేనని చెప్పడానికి ఆ చట్టం వివిధ ప్రాంతాల వ్యవహార నామాలను వరుసగా పేర్కొన్నది. ఆ జాబితాలో భగేలా, జీతా, పాలేరు, వెట్టి అనే మాటలు ఉన్నాయి. తెలుగు పల్లెల మాటలు కేంద్ర చట్టంలోకి ఎక్కిన అరుదైన సందర్భం ఇది.

అదే చట్టం మరొక ముఖ్యమైన అంశాన్ని గుర్తించింది. అప్పు వల్లనే కాక, వారసత్వంగా సంక్రమించిన బాధ్యత పేరుతో చేయించుకునే పని కూడా వెట్టిచాకిరీ కిందికే వస్తుందని నిర్వచించింది. బాధ్యత అనే మాటను సాధారణంగా సద్గుణ వాచకంగానే వాడుతాం. కానీ ఈ నిర్వచనం ప్రకారం, తాను అంగీకరించని బాధ్యతను పుట్టుకతో మోయవలసి రావడం బంధనమే. యువత బాధ్యతలను గురించి చేసే చర్చ ఈ తేడాను విస్మరిస్తే అది నీతిబోధగా మాత్రమే మిగులుతుంది.

4. హక్కు ఎవరిది? బాధ్యత ఎవరిది?

రాజ్యాంగంలోని 45వ అధికరణం మొదట 14 ఏళ్ళ వరకు ఉచిత, నిర్బంధ విద్యను పదేళ్ళలోగా అందించడానికి రాజ్యం ప్రయత్నించాలని నిర్దేశించింది. ఆ గడువు 1960తో ముగిసింది. 1993లో ఉన్నికృష్ణన్ – ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు, 14 ఏళ్ళ వరకు విద్య జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. 2002లో 86వ సవరణ 21–ఎ అధికరణాన్ని చేర్చి 6–14 ఏళ్ళ బాలల విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ నిర్మాణంలో గమనించదగిన అంశం బాధ్యతల పంపిణీ. హక్కు బిడ్డది. దానికి ప్రతిగా బాధ్యత ప్రభుత్వానిది, స్థానిక సంస్థది, తల్లిదండ్రులది. అదే 86వ సవరణ 51–ఎ అధికరణానికి (కె) ఖండాన్ని చేర్చి, బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల, సంరక్షకుల ప్రాథమిక విధి అన్నది. బడికి వెళ్ళడం పిల్లల విధి అని రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. బడి మానిన బిడ్డను తప్పుపట్టే వ్యవహారానికి ఈ చట్టంలో ఆధారం లేదు.

అన్ని సమాజాలూ ఈ పద్ధతినే అనుసరించలేదు. 1990లో ఆమోదం పొందిన ఆఫ్రికా బాలల హక్కుల, సంక్షేమ పత్రం తన 31వ అధికరణంలో పిల్లల బాధ్యతలను కూడా పేర్కొన్నది. కుటుంబ ఐక్యతకు తోడ్పడటం, పెద్దలను గౌరవించి అవసరంలో ఆదుకోవడం అందులో ఉన్నాయి. అయితే వాటికి వయసు, సామర్థ్యం అనే పరిమితులు విధించింది. కుటుంబ శ్రమ పిల్లల జీవితంలో భాగమైన సమాజాలకు ఈ షరతు చాలా అవసరం. పొద్దున పేడకళ్ళు ఎత్తి బడికి వెళ్ళడం, మిరప కల్లంలో కాయలు తిరగదోయడానికి తల్లికి సాయపడటం మధిర ప్రాంతపు రైతుకుటుంబాల్లో సహజం. అది బడిని మింగనంతవరకు బాధ్యత. మింగిన క్షణం నుంచి హక్కు భంగం.

ఈ గీతను తెలుగు నేల మీద స్పష్టంగా గీసిన సంస్థ ఎం.వి. ఫౌండేషన్. 1990ల్లో రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో పనిచేస్తూ, బడికి వెళ్ళని ప్రతి బిడ్డనూ బాలకార్మికులుగానే లెక్కించాలన్న సూత్రాన్ని ముందుకు తెచ్చింది. ఇంటిపని చేసే బాలికలను కూడా ఈ సూత్రం లెక్కలోకి తెచ్చింది. బడికి, పనికి మధ్య ఉన్న పిల్లలను వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసే శిబిరాలను ఆ సంస్థ నడిపింది. విద్యాహక్కు చట్టంలోని 4వ సెక్షన్ వయసుకు తగిన తరగతిలో ప్రవేశాన్ని, ప్రత్యేక శిక్షణను హక్కుగా గుర్తించింది. ఆ సంస్థకు నేతృత్వం వహించిన శాంతా సిన్హా 2003లో మెగసెసే పురస్కారం పొందారు. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు.

5. పంట కాలం, పరీక్షల కాలం

మిరప కోతలు ప్రధానంగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. ఇంటర్మీడియెట్, పదో తరగతి వార్షిక పరీక్షలు కూడా ఫిబ్రవరి – ఏప్రిల్ మధ్యనే వస్తాయి. కూలి గిరాకీ ఎక్కువగా ఉండే నెలలే చదువుకు కీలకమైన నెలలు. స్థానిక కూలి కుటుంబంలోని విద్యార్థికి ఇది హాజరు సమస్య. వలస కుటుంబంలోని బిడ్డకు ఇది బడి ఉనికికే సంబంధించిన సమస్య. సొంత ఊరి బడిలో పేరు ఉంటుంది, బిడ్డ ఉండదు. వచ్చిన ఊళ్ళో బిడ్డ ఉంటుంది, పేరు ఉండదు.

చట్టం ఈ స్థితిని ఊహించింది. 9వ సెక్షన్‌లోని (కె) ఖండం వలస కుటుంబాల పిల్లలకు బడిలో ప్రవేశం కల్పించే బాధ్యతను స్థానిక సంస్థపై ఉంచింది. 5వ సెక్షన్ రాష్ట్రం లోపల గానీ వెలుపల గానీ మరో బడికి మారే హక్కును ఇచ్చింది. బదిలీ పత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశాన్ని నిరాకరించరాదన్నది. 14వ సెక్షన్ వయసు ధ్రువపత్రం లేకపోయినా చేర్చుకోవాలన్నది. 29వ సెక్షన్ సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధన సాగాలన్నది.

ఆచరణలో భాషే మొదటి అడ్డంకి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే బిడ్డకు ఇంటి భాష కోయ. స్వరాష్ట్రంలో బడి భాష హిందీ. ఇక్కడి బడిలో తెలుగు, ఇంగ్లీషు. మూడు నెలల కోసం కొత్త లిపి నేర్చుకొని, తిరిగి వెళ్ళగానే దాన్ని వదిలేయవలసిన పరిస్థితిలో ప్రవేశం అనే హక్కు కాగితం మీదనే మిగిలిపోయే ప్రమాదం ఉంది. కోయ కూడా ద్రావిడ భాషే. తెలుగు ఉపాధ్యాయుడికి, కోయ బిడ్డకు మధ్య కొంత పదసంపద ఉమ్మడిగా ఉంది. తెలుగు శాఖలు ఈ దిశలో చేయగల పని చాలా మిగిలి ఉంది.

హక్కుకు, దానిని నిలబెట్టవలసిన వారికి మధ్య దూరం ఎంత ప్రమాదకరమో 2020 ఏప్రిల్‌లో వెల్లడైంది. తెలంగాణలో మిరప పనికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా బాలిక, లాక్‌డౌన్‌లో పని ఆగిపోగా తోటివారితో కాలినడకన ఇంటికి బయలుదేరి, ఊరు చేరకముందే మరణించింది. ఆమె వయసు 12 ఏళ్ళు. ఆ ఘటన ములుగు ప్రాంతానికి సంబంధించినది, మధిరకు కాదు. కానీ పని అదే, కాలం అదే, గోదావరి అడవిదారీ అదే. 21–ఎ అధికరణం, బాలకార్మిక నిషేధం, వలస బిడ్డల ప్రవేశ నిబంధన మూడూ ఆమె వయసుకు వర్తించేవే. వర్తింపజేయవలసిన వ్యవస్థ మాత్రం ఆమె వచ్చిన సంగతిని నమోదు చేయలేదు. ఆమె ఉనికి మరణంతోనే లోకానికి తెలిసింది.

6. పద్నాలుగు నుంచి పద్ధెనిమిది: నాలుగేళ్ళ ఖాళీ

14 ఏళ్ళ వరకు చట్టం కనీసం మాటగానైనా బిడ్డ పక్షాన నిలుస్తుంది. 15వ ఏట స్థితి మారుతుంది. విద్యాహక్కు ముగుస్తుంది. 2016 సవరణ కౌమారుల విషయంలో గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియల వంటి పనులను మాత్రమే నిషేధించింది. సాధారణ వ్యవసాయ కూలి ఆ నిషేధంలో లేదు. కాబట్టి 15 ఏళ్ళ వ్యక్తి బడి మాని మిరప కోతకు వెళ్తే, చదువు హక్కు భంగమైందని అనడానికీ, పని నిషిద్ధమని అనడానికీ చట్టంలో గట్టి ఆధారం దొరకదు.

ఇదే వయసులో హక్కులు మాత్రం దూరంగానే ఉంటాయి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం 18 ఏళ్ళు నిండిన వారికే పనిని హామీ ఇచ్చింది. ఓటు లేదు. గ్రామసభలో సభ్యత్వం లేదు. మరోవైపు శిక్షా బాధ్యత ముందుకు జరిగింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, 16 నిండిన వారు ఘోరమైన నేరారోపణ ఎదుర్కొన్నప్పుడు ప్రాథమిక మదింపు అనంతరం వయోజనులుగా విచారించే అవకాశం ఏర్పడింది. అంటే 16వ ఏట కార్మికునిగా నమోదు కావచ్చు, వయోజనుడిగా విచారణను ఎదుర్కోనూవచ్చు. తన ఊరి నిర్ణయంలో చేయి ఎత్తడానికి మాత్రం మరో రెండేళ్ళు ఆగాలి. బాధ్యత ముందు, హక్కు తర్వాత అన్న ప్రతిపాదనకు చట్టంలోనే దొరికే నిదర్శనం ఇది.

ఆడపిల్లల విషయంలో ఈ ఖాళీ మరింత ఇరుకైనది. చదువు ఆగిన 15 ఏళ్ళ బాలిక ముందు కూలి, పెళ్ళి అనే రెండు దారులే కనిపిస్తాయి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం వధువుకు 18, వరునికి 21 ఏళ్ళు నిర్ణయించింది. తెలంగాణలో 2014 అక్టోబరులో ప్రారంభమైన కల్యాణలక్ష్మి పథకం సహాయానికి వధువు వయసు 18 నిండాలన్న నిబంధన పెట్టింది. అయితే పెళ్ళిని 18 దాకా ఆపడం వేరు, ఆ నాలుగేళ్ళు చదువుతో నింపడం వేరు. రెండవది జరగాలంటే బడి, వసతి రెండూ కావాలి. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్యావిధానం, 2004లో వచ్చిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఈ అవసరాన్ని కొంత తీర్చాయి. తల్లిదండ్రులు కోతలకు వలస వెళ్ళినా బిడ్డ చదువు నిలిచేది వసతి ఉన్నచోటనే.

7. పద్ధెనిమిది తర్వాత

61వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది. అది 1989 మార్చి 28న అమలులోకి వచ్చింది. అడవి అంచు గ్రామాల్లో 18వ ఏడుకు మరొక అర్థం కూడా ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభను వయోజనులందరి సభగా నిర్వచించింది. భూమి, అటవీ వనరులపై హక్కుల నిర్ధారణ ప్రక్రియ ఆ సభలోనే మొదలవుతుంది. అదే చట్టం 5వ సెక్షన్‌లో అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారాన్ని హక్కుదారులకు, గ్రామసభకు అప్పగించింది. హక్కు, బాధ్యత రెండూ ఒకేసారి, ఒకే చేతికి అందడం ఈ చట్టంలోని విశేషం. బాధ్యతను మోయమనే ముందు నిర్ణయాధికారాన్ని ఇవ్వాలన్న సూత్రం ఇందులో ఉంది.

మైదానంలో, ముఖ్యంగా మధిర వంటి సరిహద్దు పట్టణంలో, 18 తర్వాత ఎదురయ్యే ప్రశ్న స్థానికత. 2014లో రాష్ట్ర విభజనతో, రైలులో కొద్ది గంటల్లో వెళ్ళివచ్చే విజయవాడ వేరే రాష్ట్రమైంది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు ఉద్యోగాల్లో స్థానికతకు 1 నుంచి 7వ తరగతి వరకు సాగిన చదువును ఆధారం చేశాయి. మెరుగైన బడి కోసమో, బంధువుల ఇంట్లో ఉంచే వీలు కోసమో తల్లిదండ్రులు తీసుకున్న నిర్ణయం పదిహేనేళ్ళ తర్వాత ఉద్యోగ దరఖాస్తులో బిడ్డ మీద పడుతుంది. వలస వచ్చిన ఆదివాసీ కుటుంబాల్లో ఇది మరింత తీవ్రం. షెడ్యూల్డు తెగ హోదా ఆయా రాష్ట్రాలకు పరిమితమన్న సూత్రాన్ని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. సరిహద్దు దాటి స్థిరపడిన కుటుంబంలోని బిడ్డకు ఆ ప్రయోజనం కొత్త రాష్ట్రంలో తనంతట తాను రాదు. తాను నిర్ణయించని వలసకు తానే మూల్యం చెల్లించడం, ముందు చెప్పిన వారసత్వ బాధ్యతకు ఆధునిక రూపం.

8. ముగింపు

పై వివరణ నుంచి తేలిన అంశాలు ఇవి.

ఒకటి, మధిర ప్రాంతంలో యువత సమస్య హక్కులు లేకపోవడం కన్నా, హక్కులు వచ్చే క్రమం తలకిందులు కావడంలో ఉంది. పని, కుటుంబ భారం, శిక్షా బాధ్యత ముందు వస్తున్నాయి. నిర్ణయాధికారం వెనుక వస్తున్నది.

రెండు, 14–18 ఏళ్ళ మధ్య దశకు చదువు హక్కుగా లేకపోవడమే ఈ తలకిందులకు ప్రధాన కారణం. 2020 జాతీయ విద్యావిధానం 18 ఏళ్ళ వరకు పాఠశాల విద్యను అందరికీ అందించాలన్న లక్ష్యాన్ని ప్రకటించింది. లక్ష్యం హక్కుగా మారనంతవరకు దానిని అడిగే అధికారం బిడ్డకు ఉండదు.

మూడు, వలస పిల్లలకు సంబంధించిన నిబంధనలు చట్టంలో ఉన్నాయి. అవి పనిచేయాలంటే కోతలు మొదలుకాకముందే మండల విద్యాశాఖ, పంచాయతీ, కూలీల ముఠా మేస్త్రీలు కలిసి ఏ ఊరికి ఎందరు పిల్లలు వస్తున్నారో నమోదు చేయాలి. బిడ్డ వచ్చిన సంగతి తెలియని చోట బాధ్యులూ ఉండరు.

నాలుగు, బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయాన్ని వినాలన్నది. ఈ వినికిడి కళాశాల తరగతి గదిలోనే మొదలుకావచ్చు. జనవరి నుంచి మార్చి దాకా హాజరుపట్టీలో కనిపించే ఖాళీలను క్రమశిక్షణ లోపంగా నమోదు చేయడానికి ముందు, ఆ విద్యార్థి ఏ చేనిలో ఉన్నాడో, ఎవరి అప్పు కోసం ఉన్నాడో అడగవలసిన బాధ్యత అధ్యాపకులది. ఆ సమాధానాలను, ఆ పని చుట్టూ అల్లుకున్న మాటలను విద్యార్థుల చేతనే సేకరింపజేస్తే ప్రాంతీయ పదసంపదకూ, సామాజిక పరిశోధనకూ మూలసామగ్రి సమకూరుతుంది. ‘చేతికి అందివచ్చిన’ అన్న మాటకు చదువు కూడా ఒక కొలమానమయ్యే మార్పును నమోదు చేయడం రాబోయే పరిశోధకుల ముందున్న పని.